‘స్టిక్’ అంటే అంటుకోవడమేనా?



ఆంగ్ల తరగతిలో తెలుగు వినిపించరాదనే వాదం మా బీదరులోనూ వినవస్తున్నది. మాతృభాష అడ్డువస్తుందట! ‘స్టిక్’ అనే ఒక్క క్రియతో ఈ వాదాన్ని పరీక్షిద్దాం.

దీనికి ‘అంటుకొను’ అనే ఒక్క అర్థాన్నే వల్లె వేయించామనుకోండి. ‘స్టిక్ టు యువర్ వర్డ్’ అన్న వాక్యానికి పిల్లవాడు ‘నీ మాటకు అంటుకో’ అని వ్రాస్తాడు. తప్పు తెలుగుది కాదు, తెలుగును ఒక్క మాటకు కుదించిన మనది.

మనం సూది గుచ్చుతాం, తపాలాబిళ్ళ అంటిస్తాం. బండి బురదలో దిగబడుతుంది. ఇచ్చిన మాటకు కట్టుబడతాం. ఈ నాలుగు చోట్లా ఆంగ్లంలో ‘స్టిక్’ చెల్లుతుంది. ప్రాచీన ఆంగ్లంలో ఆ క్రియకు మూలార్థం గుచ్చడమే. గుచ్చినది కదలక నిలుస్తుంది. అలా నిలవడం నుంచే అంటుకొని ఉండడం, కట్టుబడి ఉండడం వచ్చాయి. ఈ వరుసను మన పిల్లలకు తేటగా చూపగలిగేవి తెలుగు క్రియలే. కన్నడంలోనూ ‘అంటు’ ఉన్నది. కాబట్టి ఇది రాష్ట్రభాషతో పోటీ కాదు.

బీదరు 1956లో హైదరాబాదు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలో చేరింది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించాలనే 350ఎ అధికరణం రాజ్యాంగంలో చేరిందీ ఆ సంవత్సరమే. ఆ వసతి లేని బడిలో, కనీసం ఆంగ్ల పాఠానికి తెలుగులో అర్థం చెప్పడాన్నైనా నిషేధించవద్దు.

తల్లిదండ్రులారా, ‘స్పెల్లింగు చెప్పు’ అని అడిగి ఊరుకోకండి. ‘ఈ వాక్యాన్ని మన మాటలో చెప్పు’ అని అడగండి. చెప్పలేకపోతే ఆ బిడ్డకు ఆంగ్లమూ రాలేదని గ్రహించండి.