ఇథియోపియా కోసం ఒక లండన్ హోటల్లో

పత్రికలకు క్రికెట్ వార్తలు రాసే ట్రినిడాడ్ రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్ 1935లో లండన్‌లో మరో పని నెత్తికెత్తుకున్నారు. ఇటలీ నియంత ముస్సోలినీ ఇథియోపియాపై కన్నేశాడని తెలిసి, ఆ దేశానికి మద్దతుగా ఏర్పడిన ఆఫ్రికన్ మిత్రుల సంఘానికి అధ్యక్షుడయ్యారు. కెన్యా నుంచి వచ్చిన జోమో కెన్యాట్టా, జేమ్స్ చిన్ననాటి స్నేహితుడు జార్జ్ పాడ్‌మోర్ ఆయనతో కలిశారు. జమైకాకు చెందిన ఎమీ ఆష్‌వుడ్ గార్వీ నడిపే హోటల్ వాళ్లకు కూడలి.

ఇథియోపియా మీద అంత మమకారం ఎందుకు? 1896లో అడువా దగ్గర ఇటలీ సేనను ఓడించి నిలిచిన రాజ్యం అది. వలస పాలనలో నలుగుతున్న నల్లజాతివారికి, తలవంచని ఇల్లు ఒకటి మిగిలే ఉందన్న ధీమా.

1935 అక్టోబర్ 3న ఇటలీ దాడికి దిగింది. విషవాయువులూ ప్రయోగించింది. నానాజాతి సమితి ఆంక్షలు విధించింది కానీ, యుద్ధాన్ని నడిపించే చమురును మాత్రం వాటిలో చేర్చలేదు. సూయజ్ కాలువ ఇటలీ ఓడలకు తెరిచే ఉంది. ఫాసిజానికి బద్ధవిరోధినని చెప్పుకున్న సోవియట్ యూనియన్ సైతం ఇటలీకి చమురు అమ్మింది. 1936 మే 5న ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా పడిపోయింది. జూన్ 30న చక్రవర్తి హైలీ సెలాసీ జెనీవాలో సమితి ముందు నిలబడి మొరపెట్టుకున్నా, కొద్దిరోజుల్లోనే ఆంక్షలు ఎత్తేశారు.

చరిత్ర పుస్తకాలు ఈ ఘట్టాన్ని రెండో ప్రపంచ యుద్ధానికి ముందుమాటగా చూపి ముగిస్తాయి. అది అన్యాయం. లండన్ బృందం దాడిని ఆపలేకపోయింది, నిజమే. కానీ పెద్ద రాజ్యాల మాటను ఎంతవరకు నమ్మవచ్చో దానికి అప్పుడే తేటతెల్లమైంది. 1937లో అదే బృందం అంతర్జాతీయ ఆఫ్రికన్ సర్వీస్ బ్యూరోగా మారింది. ఈసారి పని ఒక్క ఇథియోపియాతో ఆగలేదు. వలస ప్రజలందరి హక్కులూ దాని ఎజెండాకెక్కాయి.

1945 అక్టోబర్‌లో మాంచెస్టర్‌లో జరిగిన ఐదో పాన్ ఆఫ్రికన్ మహాసభ నిర్వాహకుల్లో పాడ్‌మోర్, కెన్యాట్టా ఉన్నారు. వారితో గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా) యువకుడు క్వామే ఎన్‌క్రుమా చేరారు. వినతిపత్రాల కాలం పోయిందని, స్వాతంత్ర్యం కావాలని ఆ సభ సూటిగా అడిగింది. 1957లో ఎన్‌క్రుమా స్వతంత్ర ఘనా పగ్గాలు పట్టారు, పాడ్‌మోర్ ఆయనకు సలహాదారు అయ్యారు. 1963 మేలో ఆఫ్రికా దేశాధినేతలు తమ ఐక్య సంస్థను స్థాపించడానికి ఎంచుకున్న నగరం అడిస్ అబాబా. ఆతిథ్యమిచ్చింది, జెనీవా నుంచి ఉత్తచేతులతో తిరిగొచ్చిన ఆ హైలీ సెలాసీయే.