పొదుగు యంత్రంతో పాటు పిల్లల సంరక్షణ కూడా గ్రామానికి చేరాలి

గ్రామీణ మహిళల చేతికి నేరుగా ఆదాయం అందించే కొద్దిపాటి వ్యాపకాలలో పెరటి కోళ్ల పెంపకం ఒకటి. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలోని మొత్తం పౌల్ట్రీ పక్షులు 85.18 కోట్లు కాగా, వాటిలో పెరటి పక్షులు 31.7 కోట్లు. 2012తో పోలిస్తే పెరటి పక్షుల సంఖ్య సుమారు 46 శాతం పెరిగింది. ఇదే కాలంలో 50 నుంచి 100 గుడ్లు పట్టే చిన్న పొదుగు యంత్రాలు సామాన్య రైతు కుటుంబాలకూ అందుబాటులోకి వచ్చాయి. అయితే యంత్రాన్ని అందజేసి, ఒకపూట శిక్షణ ఇవ్వడంతో విస్తరణ బాధ్యత తీరిపోయినట్లు భావించడం సరికాదు.

యంత్రం వల్ల కలిగే ప్రయోజనాన్ని ఎవరూ కాదనలేరు. నాటు పెట్ట విడతకు 10 నుంచి 15 చొప్పున ఏడాదికి 60 నుంచి 80 గుడ్లు మాత్రమే పెడుతుంది. ప్రతి విడత తరువాత 21 రోజులు పొదుగులో కూర్చుంటుంది. ఆపై రెండు నెలలకు పైగా పిల్లలను వెంట తిప్పుకుంటుంది. ఈ కాలమంతా గుడ్డు ఉండదు. పొదిగే పనిని యంత్రం చేపడితే పెట్ట త్వరగా మళ్లీ గుడ్లకు వస్తుంది. కానీ పెట్ట చేసే పని పొదగడం ఒక్కటే కాదు. మిగిలిన పనులన్నీ గృహిణి భుజాలపై పడతాయన్న సంగతిని ప్రణాళికలు గుర్తించవలసి ఉన్నది.

పంకా ఉన్న యంత్రంలో ఉష్ణోగ్రత 37.5 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలకడగా ఉండాలి. గాలిలోని తేమ మొదటి 18 రోజులు 50 నుంచి 60 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 75 శాతం ఉండాలి. గుడ్లను 18వ రోజు వరకు రోజుకు కనీసం మూడు నుంచి ఐదు సార్లు తిప్పాలి. ఈ సూత్రాలు ప్రతి కరపత్రంలోనూ కనిపిస్తాయి. రేకుల ఇంటిలో, మే నెల మధ్యాహ్నం వాటిని పాటించడం ఎలాగన్నదే కరపత్రాలలో కొరవడిన అంశం.

చిన్న యంత్రానికి వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. తెలంగాణలో, రాయలసీమలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు గదిలోని వేడే పిండానికి ప్రాణాంతకమవుతుంది. అసలు నష్టం చాలాసార్లు అంతకు ముందే, గుడ్ల నిల్వలోనే మొదలవుతుంది. పొదిగించే గుడ్లను 15 నుంచి 18 డిగ్రీల వద్ద ఉంచి, వారంలోపే యంత్రంలో పెట్టాలి. సుమారు 21 డిగ్రీలు దాటిన చోట పిండం నెమ్మదిగా ఎదగనారంభిస్తుంది, కానీ పూర్తి ఎదుగుదలకు ఆ వేడి చాలదు. అలా అరకొరగా మొదలైన పిండం బలహీనపడి చనిపోతుంది. నింద మాత్రం యంత్రంపై పడుతుంది. తడి ఇసుకలో ఉంచిన మట్టికుండ వంటి చౌకైన ఏర్పాటు పొడి వాతావరణంలో కొంత మేలు చేయగలదు. తీరప్రాంతపు ఉక్కలో దాని ప్రభావం తక్కువ. కాబట్టి రెండు ప్రాంతాలకూ ఒకే సలహా ఇవ్వడం తగదు. తీవ్రమైన వేసవి వారాలలో పొదిగింపును నిలిపివేయమని చెప్పడం కూడా విస్తరణలో భాగమే.

గుడ్ల ఎంపిక మరొక ముఖ్యాంశం. రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంచాలకాలయం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటివి సంకర కోళ్లు. వాటి గుడ్లనే ఇంట్లో పొదిగిస్తే తరువాతి తరంలో సంకర బలం తగ్గి, ఎదుగుదలలోనూ గుడ్ల సంఖ్యలోనూ ఏకరూపత లోపిస్తుంది. ఇంటి యంత్రం అసీల్ వంటి దేశవాళీ జాతుల అభివృద్ధికే ఎక్కువగా తగినది. అక్కడ కూడా ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు చొప్పున ఉంచి, పుంజులను ఎప్పటికప్పుడు మార్చుకోకపోతే రక్తసంబంధపు సంపర్కంతో పొదుగు శాతం పడిపోతుంది.

పిల్ల బయటపడిన తరువాతి దశ అన్నిటికంటే కీలకం. తల్లి రెక్కల కింద దొరికే వెచ్చదనం బదులు మొదటి వారం సుమారు 35 డిగ్రీల వేడి కల్పించి, వారం వారం కొద్దిగా తగ్గిస్తూ పోవాలి. మొదటి రోజే మారెక్స్ టీకా, మొదటి వారంలో కొక్కెర తెగులుకు లసోటా టీకా వేయాలి. ఇక్కడే ఆచరణలో పెద్ద చిక్కు ఎదురవుతుంది. ఈ టీకాలు సాధారణంగా వంద, అంతకు మించిన మోతాదుల సీసాలలో దొరుకుతాయి, కలిపిన తరువాత కొద్ది గంటలలోనే వాడెయ్యాలి. ముప్పై పిల్లలున్న కుటుంబం సీసా కొనదు, కొన్నా అధికభాగం వృథా అవుతుంది. అందువల్ల ఇంటికో యంత్రం కంటే మహిళా సంఘానికో యంత్రం, ఊరంతటికీ ఒకే పొదుగు తేదీ మేలైన మార్గం. పిల్లలన్నీ ఒకే రోజు బయటపడితే ఒక సీసాతో అన్నిటికీ టీకా వేయవచ్చు. అదే రోజున ఒకటి రెండు పెట్టలను కూడా పొదుగులో కూర్చోబెడితే, యంత్రంలో పుట్టిన పిల్లలలో కొన్నింటిని రాత్రివేళ వాటి కిందకు చేర్చి పెంచవచ్చు. యంత్రానికీ తల్లికోడికీ పోటీ పెట్టనవసరం లేదు.

ఫలితాన్ని కొలిచే పద్ధతి కూడా మారవలసి ఉన్నది. ఉదాహరణకు 100 గుడ్లు పెడితే 85 ఫలదీకరణ చెంది, 68 పిల్లలు వచ్చాయనుకుంటే, మొత్తం గుడ్లపై పొదుగు శాతం 68, ఫలదీకరణ గుడ్లపై 80. ఎనిమిది వారాలకు వాటిలో 34 మాత్రమే మిగిలితే, నివేదికలోని 80 శాతం రైతుకు దక్కిన ఆదాయాన్ని సూచించదు. ఎనిమిదవ వారానికి బతికున్న పిల్లల సంఖ్యే అసలైన కొలమానం కావాలి.

పొదగని గుడ్లు కూడా పాఠాలు చెబుతాయి. ఏడవ రోజు దీపపు వెలుతురులో తేటగా కనిపించే గుడ్లు ఎక్కువగా ఉంటే పుంజును, రక్తవలయం కనిపిస్తే నిల్వను లేదా ఉష్ణోగ్రతను, పూర్తిగా ఎదిగి పెంకులోనే చనిపోయిన పిల్లలు ఉంటే తేమను, గాలి ప్రసరణను, గుడ్లు తిప్పడాన్ని ముందుగా అనుమానించాలి. ఈ పరిశీలనను గ్రామంలోని మహిళలకు నేర్పడం విద్యార్థుల క్షేత్రానుభవ కార్యక్రమాలలో చేర్చదగినది. నియంత్రిత ప్రయోగశాలలో కాక, కరెంటు పోయే ఇళ్లలో, ఎండ కాసే రేకుల కింద జరిపే అధ్యయనాలే రైతుకు పనికివచ్చే సిఫారసులను ఇవ్వగలవు. ఆ సిఫారసులు, టీకా ఏర్పాటు, పిల్లలను వెచ్చగా ఉంచే వసతి సిద్ధమైన తరువాతే యంత్రం గ్రామానికి చేరాలి. ఈ క్రమం తలకిందులైతే యంత్రం అటకెక్కుతుంది, పిల్లల మరణాలతో నష్టపోయిన మహిళకు తదుపరి సలహాపై నమ్మకం పోతుంది.