కరివేపాకు కొమ్మ మీది పాఠం

పాఠ్యపుస్తకంలో సీతాకోకచిలుక జీవితం ఒక వలయం. నాలుగు బొమ్మలు, వాటి నడుమ నాలుగు బాణపు గుర్తులు: గుడ్డు, లార్వా, ప్యూపా, రెక్కల పురుగు. పిల్లలు దానిని కంఠస్థం చేసి పరీక్షలో తప్పు లేకుండా గీస్తారు. అదే పిల్లవాడు సాయంకాలం పెరటిలో కరివేపాకు మొక్కపై పచ్చని పురుగును చూస్తే "అమ్మా, పురుగు!" అని కేక వేస్తాడు. తల్లి ఆ రెమ్మను తుంచి గోడ అవతల పారవేస్తుంది. ఉదయం తాను గీసిన రెండవ బొమ్మ అదేనన్న సంగతి అతనికి తట్టదు. పాఠం వచ్చింది గాని, పురుగు తెలియలేదు.

ఈ లోటును తీర్చుకొనడానికి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణం ఎంతో అనువైనది. 1891లో నాగపూర్ నుండి అసన్‌సోల్ వరకు బెంగాల్ నాగపూర్ రైలుమార్గం పూర్తి అయిన తరువాత ఈ ఊరు పెద్ద కూడలిగా ఎదిగింది. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన స్థానం. రైల్వే కొలువుల కోసం వచ్చి తరాల తరబడి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. తెలుగువారు కాపురం పెట్టిన చోట కరివేపాకు మొక్క లేకుండా ఉండదు. నిమ్మ సీతాకోకచిలుక వెదికేది కూడా ఆ మొక్కనే. నిమ్మ, నారింజ, మారేడు, కరివేపాకు ఒకే కుటుంబానికి చెందినవి. తల్లి సీతాకోకచిలుక కాళ్లతో ఆకును తాకి, రుచిని గుర్తించి, లేత చిగురుపై ఒక్కొక్క గుడ్డునే పెడుతుంది. గుండుసూది తలకన్న చిన్నదైన ఆ లేత పసుపు గుడ్డును వెదికి చూపడమే మొదటి పాఠం కావాలి.

కొద్ది రోజులలో వెలువడిన పురుగు అచ్చం పక్షి రెట్టవలె కనిపిస్తుంది. ఆ వేషమే దానికి రక్ష. నాలుగు మార్లు కుబుసం విడిచి, చివరి దశలో ఆకుపచ్చగా మారి ఆకులలో కలిసిపోతుంది. ముట్టుకొంటే తల వెనుక నుండి చీలిన నాలుక వంటి అవయవాన్ని పైకి తీసి ఘాటైన వాసన విడుస్తుంది. దానిని ఒక్కసారి చూచిన పిల్లవాడికి ఆత్మరక్షణ అంటే ఏమిటో వేరుగా బోధించనక్కరలేదు.

పురుగును ఇంట పెంచదలచినవారు పెద్ద గాజుసీసా మూతికి పలుచని గుడ్డ కట్టి, రోజూ అదే మొక్క తాజా ఆకులు వేసి, పెంటికలు ఎత్తివేస్తే చాలు. లోపల ఒక పుల్లను నిలపాలి. కొంత కాలానికి పురుగు మేత మాని ఆ పుల్లనెక్కి, నడుముకు మొలత్రాడు వంటి పట్టుపోగు చుట్టుకొని కదలక మెదలక ఉండిపోతుంది. ఇక్కడే పిల్లల ఓర్పుకు పరీక్ష. వారం గడుస్తుంది, ఒక్కొక్కప్పుడు రెండు వారాలు. "చచ్చిపోయిందా?" అని అడుగుతారు. "నిద్రపోతున్నది" అనడం తేలిక, కాని సత్యం కాదు. లోపల పాత దేహంలో చాలా భాగం కరిగి కొత్త దేహం కట్టబడుతున్నది. అయినా అంతా కొత్తది కాదు. రెక్కల బీజాలు పురుగు దేహంలోనే దాగి ఉంటాయని 17వ శతాబ్దంలోనే డచ్చి శాస్త్రజ్ఞుడు యాన్ స్వామ్మర్‌డామ్ కోసి చూపాడు. 2008లో అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక జాతి చిమ్మట పురుగులకు ఒక వాసనను చూపుతూ స్వల్పంగా విద్యుద్ఘాతం ఇచ్చారు. చివరి లార్వా దశలో ఆ అనుభవం పొందినవి, రెక్కలు వచ్చిన తరువాత కూడా ఆ వాసనకు దూరంగా తొలగిపోయాయి. రూపం మారినా జ్ఞాపకం మిగిలిందన్నమాట.

అయితే ప్రతి పాఠమూ రెక్కలతోనే ముగియదు. ఒక్కొక్కసారి ప్యూపా నుండి సీతాకోకచిలుకకు బదులు చిన్న కందిరీగలు వెలువడుతాయి. పురుగు దేహంలోగాని ప్యూపాలోగాని గుడ్లు పెట్టి, లోపలినుండి దానిని తినివేసే పరాన్నజీవులవి. పిల్లవాడు కన్నీరు పెట్టుకొంటాడు. పెద్దలు ఆ సీసాను చాటుగా తీసివేయరాదు. పుస్తకంలోని వలయం ఎప్పుడూ తెగదు, పెరటిలో అది తరచు తెగుతుంది. పెట్టిన గుడ్లన్నీ సీతాకోకచిలుకలే అయితే ఊరిలో కరివేపాకు మిగలదని అప్పుడే చెప్పాలి.

బిలాస్‌పూర్ పిల్లలు అడగక మానని ప్రశ్న మరొకటి ఉన్నది. హౌరా వైపు రైలులో కొంత దూరం పోతే చాంపా వస్తుంది. అక్కడి కోసా వస్త్రాలు ప్రసిద్ధం. కోసా అంటే తెలుగువారి దసలి పట్టు. మద్ది చెట్ల ఆకులు తిని పెరిగే చిమ్మట పురుగు కట్టుకొన్న గూడు అది. తెగని దారం కావాలంటే, చిమ్మట గూటిని తొలుచుకొని రాకముందే లోపలి జీవిని చంపవలసి ఉంటుంది. విత్తనానికి ఉంచినవి మాత్రమే రెక్కలు విప్పుతాయి. "అయితే అమ్మ పట్టుచీరలో ఎన్ని పురుగులున్నాయి?" అని పిల్ల అడిగితే, గద్దించి నోరు మూయించడం పాఠాన్ని సగంలో ఆపడమే. ఆ గూళ్ల మీద ఎన్ని అడవి పల్లెలు, ఎన్ని మగ్గాలు బ్రతుకుతున్నాయో కూడా చెప్పి, తీర్పును ఆమె పెరిగే వయసుకు విడవడం మంచిది.

చివరికొక ఉదయం ప్యూపా చిట్లుతుంది. నలిగిన రెక్కలతో వెలువడిన ప్రాణి పుల్లను పట్టుకొని వేలాడి, దేహంలోని ద్రవాన్ని రెక్కలలోనికి నెట్టి వాటిని విప్పుకొంటుంది. సాయం చేయబోయి పిల్లలు చేయి పెట్టరాదు. ఆ తడి ఆరే వరకు చూచి, కిటికీ తెరవడమే వారి పని. మరునాడు తల్లి పోపు కోసం కరివేపాకు కోయబోయినప్పుడు, పురుగున్న రెమ్మను విడిచి ప్రక్కరెమ్మను తుంచమని పిల్లవాడు చెబితే, ఆ పాఠం వచ్చినట్లే.