నల్లసముద్రము - నల్లరేగడి

2022వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీ తెల్లవారుజామున రష్యా సేనలు ఉక్రెయిన్ సరిహద్దులను దాటినవి. తరువాత కొన్ని వారములకే మన తెలుగునాట కిరాణా అంగళ్లలో లీటరు ప్రొద్దుతిరుగుడు నూనె వెల కొన్నిచోట్ల 200 రూపాయలను తాకినది. ఒడెస్సా రేవునకును కర్నూలునకును నడుమ ఐదువేల కిలోమీటర్లకు పైబడిన దూరము కలదు. అంత దూరమున పేలిన ఫిరంగి మన పోపుగిన్నెకు ఎట్లు తగిలినది? తరగతిలో ఏ చురుకైన విద్యార్థియైనను ఈ ప్రశ్న వేయవచ్చును. “యుద్ధము వలన” అని ఉపాధ్యాయుడు బదులు చెప్పినచో అది సగము సమాధానమే యగును. తక్కిన సగము మన పొలములలోనే ఉన్నది.

మొదట యుద్ధకారణములను చూతము. సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమైనపుడు ఉక్రెయిన్ స్వతంత్రదేశమైనది. 1994లో బుడాపెస్ట్‌లో కుదిరిన ఒప్పందము ననుసరించి తన భూమిపై నున్న అణ్వస్త్రములను వదలుకొనుటకు అది అంగీకరించినది. దాని సరిహద్దులను గౌరవింతుమని రష్యా, అమెరికా, బ్రిటన్ మాట ఇచ్చినవి. 2008లో బుఖారెస్ట్‌లో సమావేశమైన నాటో కూటమి, ఉక్రెయిన్ ఏనాటికైనను తమలో చేరగలదని ప్రకటించినది. ఎప్పుడు, ఎట్లు అన్నది చెప్పలేదు. రష్యాకు కోపము తెప్పించుటకు ఆ ప్రకటన చాలినది, ఉక్రెయిన్‌కు రక్షణ కల్పించుటకు చాలలేదు. 2014లో రష్యా క్రిమియాను కలుపుకొన్నది. తూర్పున దాన్‌బాస్‌లో అప్పుడు రగిలిన పోరును మిన్‌స్క్ ఒడంబడికలు చల్లార్చలేకపోయినవి. నాటో విస్తరణ రష్యాను కలవరపెట్టినదనుట నిజమే. కాని ఆ కలవరము ఇరుగుదేశముపై దండెత్తుటకు హక్కు నీయదు. 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభలో 141 దేశములు దండయాత్రను ఖండించినవి, 5 వ్యతిరేకించినవి, 35 తటస్థముగా నుండినవి. భారతదేశము ఆ ముప్పదియైదింటిలో ఒకటి. వైద్యవిద్యకై పోయిన తెలుగుబిడ్డలతో సహా సుమారు 22,500 మంది భారతీయులను క్షేమముగా రప్పించుకొనవలసిన దినములవి.

కీవ్ నగరమును కొలది దినములలో పట్టుకొనవచ్చునని రష్యా తలచినది. మార్చి ముగియునప్పటికి అక్కడినుండి వెనుదిరిగినది. మరియుపోల్ మే నెలలో రష్యా వశమైనది. ఖెర్సోన్‌ను నవంబరులో ఉక్రెయిన్ తిరిగి తీసికొన్నది. ఈ నేలపోరు సంగతులు పత్రికలలో పాఠకులు చదివినవే. మన కథకు ముఖ్యమైనది సముద్రము. ప్రపంచవిపణికి వచ్చు ప్రొద్దుతిరుగుడు నూనెలో నాలుగింట మూడువంతుల దరిదాపు ఉక్రెయిన్, రష్యాలదే. భారతదేశము కొనునది ఏటా ఇరువది లక్షల టన్నుల పైమాట. అందులో తొమ్మిదివంతులు ఆ రెండు దేశములనుండియే వచ్చుచుండెను. ఉక్రెయిన్ రేవులు మూతపడినవి. ఏప్రిల్ 28న ఇండోనీసియా పామాయిలు ఎగుమతిని ఆపివేయుటతో ప్రక్కదారియు కొన్నాళ్లు ముడుచుకొన్నది. జూలై 22న ఇస్తాంబుల్‌లో ఒప్పందము కుదిరిన పిదప ఓడలు మరల కదలినవి. 2023 జూలైలో రష్యా తప్పుకొనువరకు ఆ మార్గమున మూడుకోట్ల టన్నులకు పైగా ధాన్యము, నూనె, ఇతర ఆహారపదార్థములు వెలికి పోయినవి.

ఇక మన పొలములు. విశేషమేమనగా, ప్రొద్దుతిరుగుడును నూనెపంటగా మనకిచ్చినది ఆ నల్లసముద్ర ప్రాంతమే. 1969లో సోవియట్ యూనియన్‌నుండి పెరెదోవిక్, అర్మావిర్‌స్కీ మొదలగు రకముల విత్తనములు భారతదేశమునకు వచ్చినవి. అర్మావిర్ అనునది నల్లసముద్రమునకు తూర్పున కుబాన్ నదీతీరమున ఉన్న ఊరు. అచటి నల్లమన్నులో పెరిగిన పంటకు మన నల్లరేగడి పరాయిదిగా తోచలేదు. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను సీమకు ఇది తగిన పంట. పగటి నిడివితో పనిలేక ఏ కాలమందైనను విత్తవచ్చును. మూడునెలల పైచిలుకులో చేతికి వచ్చును. బుడ్డల నూనె తప్ప మరొకటి ఎరుగని ఊళ్లలో క్రమముగా ఈ నూనెయు చేరినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఈ పంటకు కర్నూలు జిల్లా పేరుమోసినది. 1993-94 నాటికి దేశమంతట సాగు సుమారు 27 లక్షల హెక్టార్లకు పెరిగినది.

ఈ రోజున అందులో పదవవంతు మాత్రమే మిగిలినది.

మొదటి దెబ్బ సుంకముల వలన తగిలినది. 1994-95లో వంటనూనెల దిగుమతిని సడలించిరి. 65 శాతమున్న సుంకము 1998 నాటికి 15 శాతమునకు దిగినది. రెండవ దెబ్బ తెగులు. 1997లో కర్ణాటకలోని బాగేపల్లివద్ద ప్రొద్దుతిరుగుడు మొక్కలు మాడిపోవుట కనిపించినది. అది నెక్రోసిస్ అను వైరసు తెగులు. కర్నూలు, అనంతపురము చేలకు వ్యాపించినది. వయ్యారిభామ కలుపుమొక్క పుప్పొడినుండి తామరపురుగులు దానిని పంటకు చేర్చునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ కలుపు అమెరికా గోధుమలతో దిగినదని చెప్పుకొందురు. దిగుమతి కథలకు మన దేశమున కొదవలేదు! 2000లో అనంతపురము జిల్లా వేరుశనగను కాటువేసినదియు ఆ వైరసే.

మూడవ దెబ్బ చిలుకలది. వినుటకు ఇది నవ్వులాటగా నుండును గాని రైతు నడిగిన తెలియును. ఊరంతయు ఒకేసారి ప్రొద్దుతిరుగుడు వేసినపుడు చిలుకలు తినునది అందరి చేలకు పంపకమై ఎవరికిని అంతగా తెలియదు. పదిమంది మానివేసి ఒక్కడు మిగిలినపుడు ఊరి చిలుకలన్నియు ఆ ఒక్కని చేనిపైననే వాలును. తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు డబ్బా వాయించుచు కావలి కాయవలెను. కూలి ఇచ్చి ఎన్నాళ్లు కాయగలడు? వాడును మానివేయును. కాబట్టి సాగు కొంత తగ్గిన పిమ్మట తనంతట తానే తరిగిపోవును. ఒక రైతు ధైర్యము చేసినంత మాత్రమున పంట తిరిగి రాదు. నంద్యాల పరిశోధన స్థానము మంచి సంకరరకములను రూపొందించినను వేయువారు తగ్గిరి. ఆ నల్లరేగడులలో ఇపుడు పప్పుశనగ పరచుకొన్నది. దానికి చిలుకల బెడద లేదు, కావలి అక్కరలేదు.

2022లో ధర మిన్నంటినపుడు మన రైతు చేతిలో పంట లేకపోవుటకు కారణమిది. యుద్ధము కొరతను తెచ్చినది; ఆ కొరత మనను కొట్టుటకు ద్వారము తెరచినది మనమే. ధర చూచి మరుసటి ఏట విత్తినవారి గతి మరింత విచారకరము. దేశమందు వెలలు తగ్గించుటకై ఏడాదికి 20 లక్షల టన్నుల ప్రొద్దుతిరుగుడు నూనెను సుంకము లేకుండ రానిచ్చిరి. 2023 వేసవినాటికి నూనె వెల కూలినది. క్వింటాలు గింజలకు ప్రకటించిన మద్దతుధర 6,400 రూపాయలు కాగితముమీదనే నిలిచినది. ఆ ధరకై జూన్ 6న హర్యానాలోని షాహాబాద్‌వద్ద రైతులు రహదారిపై బైఠాయించి లాఠీదెబ్బలు తినిరి. మన కర్నూలు ప్రక్కగా పోవు 44వ నంబరు జాతీయరహదారియే అది. సరిగా ఆ దినముననే ఉక్రెయిన్‌లో కాఖోవ్‌కా ఆనకట్ట తెగి, దిగువ ద్నీపర్ తీరము మునిగినది.

ఎరువుల సంగతియు ఇట్టిదే. 50 కిలోల డీఏపీ బస్తాను 1,350 రూపాయలకు నిలుపుటకై 2022 వానకాలపు పంటకు కేంద్రప్రభుత్వము బస్తాకు 2,501 రూపాయల రాయితీ భరించినది. రైతు దానిని అంతగా ఎరుగడు, కాని ఖజానా ఎరుగును.

సుంకము తగ్గించుట తప్పని నేననను. కూలిచేసుకొను ఇంటికి నూనె చౌకగా దొరకవలెను. కాని ఆ చౌక భారమును మెట్టరైతుపై మోపుట న్యాయము కాదు. గింజలను మద్దతుధరకు కొని, నూనెను చౌకడిపోలద్వారా ఇచ్చినచో ఇరువురును బ్రతుకుదురు. 2024 అక్టోబరులో నూనెగింజలకై 10,103 కోట్ల రూపాయల జాతీయపథకమును ఆమోదించిరి. దానికి కొన్నివారములు ముందు ముడినూనెపై మూలసుంకమును 20 శాతమునకు పెంచినపుడు సీమరైతుకు కొంత ఆశ కలిగినది. 2025 మే 28న ప్రొద్దుతిరుగుడు మద్దతుధరను 7,721 రూపాయలకు హెచ్చించిరి. రెండు దినములు గడచి, తొలకరి విత్తనమునకు దుక్కులు సిద్ధమగుచున్న వేళ, మే 30న ఆ సుంకమును మరల 10 శాతమునకు దించిరి.