ఏడిస్తే మందు ఎక్కదు

రాత్రి రెండు గంటలు. ఏడాదిన్నర బాబుకి పిల్లికూతలు. అమ్మ చేతులు పట్టుకుంటే నాన్న మాస్కు అదిమి పెడతాడు. వాడు గుక్కపట్టి ఏడుస్తాడు. 'ఏడవనీ, మందు బాగా లోపలికి పోతుంది' అంటుంది నాయనమ్మ. ఆవిడని తప్పుపట్టలేం, పెద్ద చదువులవాళ్లూ ఇదే అనుకుంటారు.

జరిగేది వేరు. ఏడ్చేటప్పుడు పిల్లలు గాలి వదిలేదే ఎక్కువసేపు. మధ్యలో ఒక్కసారి ఎగపీలుస్తారు. ఆ విసురుకి మందు గొంతులోనే అతుక్కుని కడుపులోకి పోతుంది. ఊపిరితిత్తులకు చేరేది నామమాత్రం. నిద్రలో పెడదామా అంటే, చాలామంది మాస్కు తగలగానే లేచి కూర్చుంటారు. అందుకే ఆయాసం లేని రోజుల్లోనే మాస్కుని ఆటవస్తువు చేసేయండి. ముందు బొమ్మకి, తర్వాత నాన్నకి, ఆ తర్వాత బాబుకి.

మీట నొక్కగానే ఇన్‌హేలర్ మందు దూసుకొస్తుంది. సరిగ్గా ఆ క్షణానికే పీల్చడం పసివాళ్ల వల్ల కాదు. స్పేసర్ గొట్టం ఆ మందుని కాసేపు పట్టి ఉంచుతుంది. నాలుగేళ్లలోపు వాళ్లకి దానికి మాస్కు కూడా కావాలి. అది ముక్కూ నోరూ కప్పేసి, సందు లేకుండా ఆనాలి. ఇన్‌హేలర్‌ని బాగా ఊపి, ఒక్కసారే నొక్కి, ఐదారు ఊపిర్లు తీసేదాకా ఉంచాలి. రెండో పఫ్‌కి మళ్లీ మొదటి నుంచీ. తొందరలో రెండూ కలిపి కొట్టేస్తే లాభంలేదు.

స్పేసర్‌ని గుడ్డతో తళతళా తుడిచే శుభ్రమైన ఇళ్లలో ఇంకో చిక్కు. ఆ రాపిడికి ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి, దువ్వెనకి కాగితం ముక్కల్లా మందు గొట్టం గోడలకి అంటుకుపోతుంది. గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లలో ముంచి, గొట్టాన్ని తుడవకుండా గాలికి ఆరనివ్వండి. మాస్కుని మాత్రం మంచినీళ్లతో కడగండి.

'అలవాటైపోతుంది, సిరప్పే నయం' అనేవాళ్లు ఒక్క లెక్క చూడాలి. సాల్బుటమాల్ ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. అదే మందు సిరప్ 5 మిల్లీలీటర్లలో 2 మిల్లీగ్రాములు, అంటే 20 రెట్లు! అది ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. చేతుల వణుకూ, గుండెదడా ఊరికే రావు. ఇక నెబ్యులైజర్ అంటారా, ఓ మోస్తరు ఆయాసానికి స్పేసర్ దానికేమీ తీసిపోదు.

స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే వాడాక మొహం తుడిచి, నోరు కడగండి. పసివాళ్లకి కాసిన్ని నీళ్లో పాలో పట్టినా సరే.

డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా మాత్రం ఆగొద్దు, ఆసుపత్రికి బయల్దేరండి. స్పేసర్ చేతిలోనే ఉండాలి. దారిలోనూ వాడొచ్చు.