ఖర్చు లెక్క సరే, వాడుక లెక్కేది?

కృష్ణ ఒడ్డునున్న సోమశిలకు పర్యాటక నిధులు మంజూరు కావడం కొత్త కాదు. కేంద్ర పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ కింద 2015-16లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చిన 91.62 కోట్ల రూపాయల ఎకో సర్క్యూట్‌లో ఫరహాబాద్, మల్లెలతీర్థం, ఉమామహేశ్వరంతో పాటు ఈ ఊరు కూడా ఉంది. తర్వాత జిల్లా విడిపోయింది, సోమశిల నాగర్‌కర్నూల్ కిందికి వచ్చింది, 2024లో కేంద్రం నల్లమల ప్రాజెక్టు పేరుతో మళ్లీ 68.10 కోట్లు మంజూరు చేసింది. రెండోసారి ఇవ్వడం తప్పని ఎవరూ అనరు. నదీ అడవీ కలిసిన అలాంటి చోట్లు మనకు ఎన్నో లేవు. అయితే మొదటి సొమ్ముతో కట్టినవి ఎవరి చేతిలో ఉన్నాయి, ఏటా ఎందరు వాడుతున్నారు, నిర్వహణకు ఎంతవుతోంది, ఊరివాళ్లకు ఎంత దక్కుతోంది అన్న లెక్క జనం ముందు పెట్టాకే రెండో ఫైలు కదలాలి. సోమశిలకే కాదు, ఏ ఊరికైనా ఇదే నియమం ఉండాలి.

ఇప్పటి పద్ధతిలో గ్రాంటు ఇచ్చినవారు రాష్ట్రాన్ని గట్టిగా అడిగేది యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం. మంజూరైన పనికే డబ్బు ఖర్చయిందని అధికారి సంతకం చేస్తే తర్వాతి విడతకు దారి దొరుకుతుంది. అది అవసరమే, కాని అది చెప్పేది ఖర్చు సంగతి. మరుగుదొడ్లు కట్టారని అందులో ఉంటుంది. వాటికి నీళ్లున్నాయా, తాళం ఎవరి దగ్గరుంది అన్నది ఉండదు. దీనికి మూలం పథకం అల్లికలోనే ఉంది. స్వదేశ్ దర్శన్‌లో నిర్మాణానికి నూరు శాతం కేంద్రం డబ్బు, నిర్వహణ మాత్రం రాష్ట్రం బాధ్యత. రిబ్బను కత్తిరించాక కరెంటు బిల్లు, కాపలాదారు జీతం, పడవల మరమ్మతు రాష్ట్ర పర్యాటక సంస్థ నెత్తిన పడతాయి. ఉచితంగా వచ్చిన భవనాన్ని వద్దనే రాష్ట్రం ఉండదు, నడపడానికి బడ్జెట్‌లో పద్దు పెట్టే రాష్ట్రాలు మాత్రం అరుదు.

స్వదేశ్ దర్శన్‌పై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) నివేదిక 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చింది. 76 ప్రాజెక్టులు, 5,200 కోట్లకు పైగా మంజూరైన పథకాన్ని ముందస్తు సాధ్యాసాధ్యాల అధ్యయనం లేకుండానే మొదలుపెట్టారని అది తప్పుపట్టింది. సవివర ప్రాజెక్టు నివేదికలు సరిగా లేకుండానే మంజూరులు జరిగాయనీ, పనులు గడువు దాటాయనీ ఎత్తిచూపింది. ఇవన్నీ 2014-15లో మొదలైన పథకం గురించి ఎనిమిదేళ్లు దాటాక తెలిసిన సంగతులు. కాగ్ పని కాగ్ చేసింది. అయితే నివేదిక వచ్చేసరికి డబ్బు కాంక్రీటు అయిపోయి ఉంటుంది.

తనిఖీలు పెంచితే అసలే నత్తనడక నడిచే పనులు ఇంకా ఆగిపోతాయని అధికారులు అంటారు. ఈ వాదన విన్నప్పుడల్లా కాగ్ నివేదికే జవాబిస్తుంది: స్థలం, నివేదిక, అనుమతులు సరిచూసుకోకుండా మంజూరు చేస్తే పని ఆగకుండా ఎలా సాగుతుంది? మరో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. వారసత్వ కట్టడాల విలువను టికెట్ల ఆదాయంతో కొలవలేమంటారు. నిజమే, హైదరాబాద్‌లోని కుతుబ్‌షాహీ సమాధుల సంరక్షణను లాభనష్టాల పట్టికలో పెట్టడం మొరటుతనం. అలాంటప్పుడు సంరక్షణే లక్ష్యమని మంజూరు పత్రంలో రాసి, గోడ నిలిచిందా, గచ్చు చెడిందా అని ఐదేళ్ల తర్వాత చూడాలి. లక్ష్యమే రాయకపోతే ఏది జరిగినా విజయమే అవుతుంది. సందర్శకుల మొత్తం సంఖ్య చూపించి మురిసిపోవడమూ ఇలాంటిదే. తిరుమలకు వచ్చే భక్తుడు గ్రాంటు లేకపోయినా వస్తాడు.

ఈ వాడుక లెక్క తీయడానికి కొత్త సంస్థను పెట్టనక్కర్లేదు. ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీని ప్రభుత్వ వ్యవస్థగా నిలబెట్టి దేశానికి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. మస్టర్ రోలు ఊళ్లో చదివి వినిపించి, ప్రజావేదికలో సిబ్బందిని నిలబెట్టి జవాబు అడిగిన అనుభవం మనది. తనిఖీలో తేలిన అక్రమాల సొమ్ము అనుకున్నంత వసూలు కాలేదన్న విమర్శ ఉంది, కాదనలేం. అయినా చెరువు పూడికతీతకు వర్తించిన పద్ధతి చెరువులో తిరిగే పడవకు వర్తించకూడదా? కాటేజీ ఖాళీగా ఉందో లేదో పక్కనే టీ అమ్మేవాళ్లకు తెలిసినంతగా సచివాలయానికి తెలియదు.

2024 నాటి కొత్త ఏర్పాటులో డబ్బు గ్రాంటుగా రావడం లేదు, రాష్ట్రాలకు యాభై ఏళ్ల వడ్డీలేని రుణంగా వస్తోంది. సోమశిల, రామప్పతో పాటు ఆంధ్రప్రదేశ్‌లో గండికోట, రాజమహేంద్రవరం గోదావరి తీరం ఈ జాబితాలోనివే. అప్పు కాబట్టి రాష్ట్రాలు ఒళ్లు దగ్గర పెట్టుకుంటాయని కొందరి నమ్మకం. యాభై ఏళ్ల తర్వాత కట్టాల్సిన బాకీకి ఇవాళ సంతకం చేసేవారు భయపడతారనుకోవడం అమాయకత్వం. పైగా మూడింట రెండు వంతులు మొదటే ఇచ్చి రెండేళ్లలో పూర్తిచేయమంటే, తొందర ఖర్చు పెట్టడానికే ఉంటుంది. ఇకముందు ఇచ్చే నిధుల్లోనైనా పదో వంతు ఆపి, పని పూర్తయిన మూడేళ్లకు, స్థానిక ప్రజావేదిక నివేదిక వచ్చాకే విడుదల చేయాలి. కాంట్రాక్టరు బిల్లును దీనితో ముడిపెట్టనక్కర్లేదు. ఆగేది రాష్ట్రానికి రావాల్సిన వాటా మాత్రమే.