మాఫీ అనగా లేదు

ఋణమాఫీ, పన్నుమాఫీ అను మాటలు విని పెరిగిన కరీంనగరపు రైతుబిడ్డ యొకడు కువైటులో నెల తిరిగిన పిమ్మట జీత మడిగినచో, 'ఫులూస్ మాఫీ' అను ప్రత్యుత్తరము రావచ్చును. చెవికి చుట్టమువలె తోచు మాటయే. కాని అర్థము వేరు. అక్కడ ఫులూస్ అనగా డబ్బు, మాఫీ అనగా లేదు. తెలుగునాట వాడు మాఫీ, క్షమించుట అను అర్థముగల మరియొక అరబ్బీ మాటనుండి వచ్చినది. రెంటికిని సంబంధము లేదు.

పరదేశమున తెలియని మాటలే మనుష్యుని బాధించునని లోకులు తలంతురు. తెలిసినట్లు కానవచ్చు మాటలు అంతకంటె హెచ్చుగా మోసపుచ్చును. కుతుబ్ షాహీల నాటినుండి కచేరీల ద్వారా అరబ్బీ పదములు తెలుగు పల్లెలకు చేరుచు వచ్చినవి. నిజాము రాజ్యమున 1948 వరకు ఉర్దూయే రాజభాష. దుకాణము, జవాబు, తారీఖు, హిసాబు, హక్కు - ఇవన్నియు ఆ దారిని వచ్చినవే. గల్ఫునకు పోవు తెలుగువాడు ఈ మూలధనముతోనే విమానమెక్కుచున్నాడు, ఆ సంగతి అతనికి తెలియకున్నను. అయితే వకీలను మాటకు అక్కడ ముఖ్యార్థము ప్రతినిధి. న్యాయవాదిని వేరొక మాటతో పిలుతురు. తెలంగాణమున గరీబనగా బీదవాడు. అరబ్బులకు ఘరీబనగా పరాయివాడు. తాను గరీబునని మొరపెట్టుకొన్నవానిని వారు పరదేశిగా గ్రహింతురు. రెండును నిజమే యగుట వేరు సంగతి.

అక్కడి పనివారును యజమానులును కలసి ఒక సంకరభాషను కట్టుకొన్నారు. దానిలో క్రియకు పురుషభేదము లేదు, కాలభేదమును దాదాపు లేదు. 'అనా మాఫీ మాలూమ్' అన్నచో 'నాకు తెలియదు' అని అర్థము. పండితులు దీనిని విని నవ్వవచ్చును గాని, లక్షలమంది కడుపు నింపుచున్న భాషను చూచి నవ్వుట తగదు. గోదావరి, కడప ప్రాంతములనుండి కువైటు ఇండ్లకు పనికి పోయిన స్త్రీలకు వంటగదియే బడి, యజమానురాలి బిడ్డలే గురువులు. పురుషునకు శిబిరములో హిందీ పలుకు తోడైనను దొరకును. ఆమెకు నాలుగు గోడల నడుమ అరబ్బీ తప్ప గత్యంతరము లేదు. కనుకనే ఆమె త్వరగా నేర్చును.

ఈ భాష అంగడికి చాలును, వంటకు చాలును. వ్రాతపత్రము ముందు మూగపోవును. సౌదీ అరేబియాలో 2005 నాటి కార్మికశాసనము ఒడంబడిక విషయమున అరబ్బీ పాఠమునే ప్రమాణముగా చేసినది. ఇంగ్లీషు వచ్చిన చాలునను వారు హోటలు గుమాస్తాను తలచి పలుకుచున్నారు గాని, ఎడారిలో గొఱ్ఱెలు కాచువానిని తలచి కాదు. అట్టి పనులకు పోవువారిలో పదవ తరగతి దాటనివారు అనేకులు. వారు ఎనిమిదవ తరగతి బల్లపై కూర్చున్ననాడు చెప్పవలసినది ఏదైన నున్నదా యని ఉపాధ్యాయులు ఆలోచింపవలెను.

అరబ్బీ నేర్పుట బడికి సాధ్యము కాదు. అంకెలు నేర్పుటకు ఒక గంట చాలును. గణితపాఠములో దశాంశ స్థానమును కనుగొన్నది భారతీయులని చెప్పునపుడే, అరబ్బులు తమ అంకెలను నేటికిని 'హిందీ అంకెలు' అందురనియు చెప్పి, ఆ పదింటిని నల్లబల్లపై వ్రాసి చూపవచ్చును. అక్షరములు కుడినుండి ఎడమకు నడచినను, సంఖ్యలలో పెద్దస్థానము తెలుగువారికివలెనే ఎడమప్రక్కన నుండును. ఒకటి నిలువుగీత; చిక్కులేదు. అయిదు మాత్రము అచ్చముగ తెలుగు సున్నవలె గుండ్రము, వారి సున్న ఒక చుక్క. జీతపుచీటిపై 150 దీనారులని అరబ్బీ అంకెలలో వ్రాసియున్నచో, తెలుగు కన్ను పదిని చదివి, చుక్కను సిరామరక యని విడిచిపెట్టును.